బ్రేక్ ఆయిల్ పోసే ముందు, ఉన్న ఆయిల్ ఎటు పోయిందో చూడండి

ప్రశ్న: మాది కాకినాడ. నాన్నగారి 2003 మోడల్ మారుతి 800, ఆయనకి చూపు తగ్గిన దగ్గర్నుంచి, అంటే 2018 నుంచి, షెడ్డులోనే ఉంది. ఈమధ్య కొత్త బ్యాటరీ వేసి, పెట్రోల్ ట్యాంకు కడిగించి ఇంజన్ స్టార్ట్ చేయించాను. బ్రేక్ పెడల్ మొదట నేల దాకా పోయింది. మెకానిక్ వచ్చి డబ్బాలో ఆయిల్ పోసి, పెడల్ నాలుగైదుసార్లు కొట్టేసరికి గట్టిపడింది. బ్లీడింగ్ చేస్తే, అంటే బ్రేకు పైపుల్లోని గాలి తీసేస్తే చాలు, హైదరాబాద్ దాకా నడుపుకుంటూ వెళ్ళిపోవచ్చు అంటున్నాడు. ఎడమ వెనక చక్రం మాత్రం తిరగట్లేదు. రేస్ ఇచ్చి ఒక్క లాగు లాగితే ఊడొస్తుందట. చేయమంటారా? బైకు సర్వీసింగ్ నేనే చేసుకుంటాను, కాబట్టి పానా పట్టడం వచ్చు. పార్టులు కంపెనీవే కొనాలా, బయటివి వేయొచ్చా?

సమాధానం:

వద్దండీ. లాగొద్దు, ఆ బండిని గేటు కూడా దాటించొద్దు. పెడల్ గట్టిపడింది కదా అని ధైర్యం వచ్చి ఉంటుంది మీకు. నాకైతే ఆ గట్టిపడటమే భయంగా ఉంది.

ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెట్రోల్ లాగా ఖర్చయ్యే సరుకు కాదు. మూసి ఉన్న పైపుల్లో అటూ ఇటూ కదులుతుంది, అంతే. తిరిగే బండికి ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం కొంచెం కిందికి దిగుతుంది, అది మామూలే. ఏడేళ్ళు కదలని బండికి ప్యాడ్లు ఎక్కడ అరుగుతాయి? మరి మీ డబ్బాలో ఆయిల్ ఎందుకు తగ్గింది, పెడల్ నేల దాకా ఎందుకు పోయింది? ఎక్కడో కారింది. ఎక్కడ కారిందో చూడకుండా మీ మెకానిక్ పైన పోసేశాడు. చిల్లి కుండలో నీళ్ళు పోసి, నిండింది చూడండి అన్నట్టు ఉంది. ఆ చిల్లి దొరికేదాకా బ్లీడింగ్ మాట ఎత్తకండి.

వెతకడం పెద్ద కష్టమేం కాదు, మొదటి గంట పని మీరే చేయొచ్చు. బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) వెనక భాగం, అది వెనక గోడకి గానీ బూస్టర్‌కి (కాలి బలానికి తోడు బలం ఇచ్చే గుండ్రటి డబ్బా) గానీ బిగించిన చోట, వేలు పెట్టి తడమండి. తడిగా ఉన్నా, అక్కడ పెయింటు పొక్కులు లేచి ఊడిపోతున్నా లోపలి రబ్బరు వాషర్లు పోయినట్టే. బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది, అందుకే కారిన చోటుని పెయింటే పట్టిస్తుంది. తర్వాత డ్రైవర్ సీటు ముందు కార్పెట్ ఎత్తి పెడల్ పైన టార్చ్ వేసి చూడండి. తర్వాత చక్రాలు. వెనక చక్రాల లోపలి వైపు, డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) వెనక ఉండే రేకు కింది అంచున, ఇంకా టైరు లోపలి గోడ మీద నల్లటి జిడ్డు చార ఉందేమో చూడండి. నా లెక్క ప్రకారం మీ ఆయిల్ కారింది అక్కడే, వెనక వీల్ సిలిండర్ల నుంచి, అంటే చక్రం దగ్గర బ్రేకుని నొక్కే చిన్న సిలిండర్ల నుంచి. నిలబడిపోయిన పాత బండ్లలో ఎక్కువగా పోయేవి అవే.

అవి ఎందుకు పోతాయో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. మనం వాడే డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో ఉప్పు చెమర్చినట్టే అనుకోండి, పైగా మీది సముద్రం పక్క ఊరు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నూటికి మూడున్నర వంతుల పైచిలుకు నీరు కలిశాక అదే 140 డిగ్రీలకి పడిపోతుంది. రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. తిరిగే బండికి మరగడం ప్రమాదం. నిలబడ్డ బండికి అంతకంటే ముందే ఇంకోటి జరుగుతుంది, ఆ నీరు సిలిండర్ లోపలి గోడని తుప్పు పట్టిస్తుంది. రబ్బరు వాషర్ ఎక్కడ ఆగి ఉందో అక్కడే అతుక్కుని, దాని పక్కన సన్నటి గుంటలు పడతాయి. రోజూ తిరిగే బండిలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ కొంచెం దూరమే ప్రయాణం చేస్తుంది, ఆ మేర గోడ అద్దంలా ఉంటుంది. దాని అవతల ఎన్నడూ రబ్బరు తగలని చోట తుప్పు, మడ్డి పేరుకుంటాయి. మీరు పెడల్ నేల దాకా కొట్టిన ప్రతిసారీ ఆ మెత్తటి వాషర్ని తీసుకెళ్ళి గరుకు కాగితం మీద రుద్దినట్టు. అలా నాలుగైదుసార్లు కొట్టారు. ఇవాళ గట్టిగా ఉంది, ఎల్లుండి ఉంటుందని నేను రాసివ్వలేను.

ఇది పుస్తకం చూసి చెప్పట్లేదు. మా పెదనాన్నగారి ఫియట్ నాలుగేళ్ళు పడి ఉంటే ఉత్సాహం ఆపుకోలేక నేనూ సరిగ్గా మీరు చేసిందే చేశాను. ఆయిల్ పోశాను, కొట్టాను, గట్టిపడింది, వీధిలో రెండు రౌండ్లు వేసి మీసం మెలేశాను. మూడో రోజు వంతెన దిగుతుంటే పెడల్ మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా, కాలి కింద నుంచి వెళ్ళిపోయింది. ఆ పాత ఫియట్‌కి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను, పోతే మొత్తం పోవడమే. సెకండ్ గేరులోకి లాగి, హ్యాండ్ బ్రేక్ పీకి, రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక గుట్టలోకి ఎక్కించాను. విప్పి చూస్తే వెనక వీల్ సిలిండర్లో వాషర్ అంచు చిరిగి ఉంది, లోపల గోడంతా గుంటలు. మీ 800కి లైన్లు రెండు, ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. కానీ పెడల్ బాగా లోతుకి వెళ్ళాక గానీ పట్టదు, దూరం కూడా రెట్టింపు పైనే తీసుకుంటుంది. ముందు లారీ ఉంటే ఆ లెక్కలేవీ పనికి రావు.

ఇప్పుడు ఆ తిరగని చక్రం. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేశారు కదూ? మీరు రాయలేదు గానీ అలాగే ఉంటుంది, అందరం అదే చేస్తాం. ఏడేళ్ళు షూ (డ్రమ్ముని లోపలి నుంచి నొక్కి ఆపే వంపు ముక్క) డ్రమ్ముకి ఆనుకుని ఉంటే రెండూ తుప్పుతో అతుక్కుపోతాయి, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగులోనే బిగుసుకుపోతుంది, లేదా కారిన ఆయిల్ షూ మీది రాపిడి పొరని, అదే లైనర్ని, నానబెట్టి జిగురులా చేస్తుంది. రేస్ ఇచ్చి లాగితే చక్రం ఊడిరావచ్చు, అబద్ధం చెప్పను. దాంతోపాటు షూ మీద అతికించిన లైనర్ కూడా ఊడి డ్రమ్ములోనే పడుతుంది. అది మూడు రోజులు కటకటమని తిరిగి, ఏదో ఒక రోజు షూకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తుంది. దానికంటే నిదానంగా పోవడం నయం.

ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరొద్దు, ఇటుకల మీద అసలే వద్దు, స్టాండ్లు అద్దెకైనా తెచ్చుకోండి. హ్యాండ్ బ్రేక్ లివర్ కిందికి దించి, లోపల కేబుల్ అడ్జస్ట్‌మెంట్ నట్టు పూర్తిగా వదులు చేయండి. చక్రం ఊడదీసి డ్రమ్ము చుట్టూ, అంచు మీద కాకుండా ముఖం మీద, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో దరువు వేయండి. కోపంగా ఒక్క దెబ్బ కాదు, పదిహేను నిమిషాల పాటు తిప్పి తిప్పి చిన్న దెబ్బలు. డ్రమ్ము పోతపోసిన ఇనుము, గట్టిగా కొడితే అంచు పెళుక్కున విరుగుతుంది. మధ్యలో తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి మర్నాడు చూడండి, చాలా బండ్లు రెండో రోజుకి దారికొస్తాయి. అప్పటికీ రాకపోతే డ్రమ్ము పుల్లర్ ఉన్న మెకానిక్‌ని ఇంటికి పిలవండి. 800లో వెనక డ్రమ్ము బేరింగులతో సహా వస్తుంది కాబట్టి ఆ పని తెలిసినవాడు చేస్తేనే మంచిది. ఎలాగూ విప్పారు గనక పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించండి, ఏడేళ్ళకి అది కొవ్వొత్తి మైనంలా అయిపోయి ఉంటుంది.

డ్రమ్ము తీశాక లోపలి దుమ్ముని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి కొట్టనివ్వొద్దు. ఆ రోజుల లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ రాదు. మాస్కు కట్టుకుని, నీళ్ళు చిలకరించి తడిబట్టతో తుడిచి, ఆ బట్ట కవర్లో కట్టి పారేయండి. మెకానిక్కులు నవ్వుతారు, నవ్వనీయండి.

వీల్ సిలిండర్ రెండు చివర్లా రబ్బరు టోపీలు ఉంటాయి, గోరుతో అంచు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్ పోయినట్టే. పొడిగా ఉండి గోధుమ రంగు పొడి రాలినా పోయినట్టే, పోయే దారిలో ఉందన్న మాట. "వాషర్ కిట్టు వేసి, లోపల ఎమరీ కాగితంతో రుద్దేద్దాం" అంటారు. నేను ఒప్పుకోను. గుంటలు పడ్డ గోడని రుద్దితే బోరు పెద్దదవుతుంది గానీ గుంట పోదు, కొత్త వాషర్ కూడా అక్కడే చిరుగుతుంది. సిలిండర్లు కొత్తవి వేయండి, ఒక వైపే కాదు రెండు వైపులా. ఆయిల్ తాగిన లైనర్లని పెట్రోల్లో కడిగి ఎండబెట్టి వాడే అలవాటు మన దగ్గర ఉంది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకి ఊరుతుంది, ఆ చక్రం పట్టదు, అవతలి చక్రం పడుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. షూలు కూడా సెట్టుగా మార్చేయండి. డ్రమ్ము లోపల తుప్పు పైపైన ఉంటే కాగితంతో పోతుంది, గుంటలు తగిలితే లేత్‌కి పంపండి. లేత్ వాడికి డ్రమ్ము మీద పోతపోసి ఉన్న గరిష్ఠ వ్యాసం చూపించండి, అది దాటాల్సి వస్తే కొత్తది కొనడమే.

ముందు చక్రాలకి డిస్కులు. మెరిసే ముఖం మీద ఎర్రటి తుప్పు చూసి బెంగ పెట్టుకోవద్దు, వానలో రాత్రంతా పెట్టిన కొత్త కారుకీ అది వస్తుంది, పది బ్రేకులకి పోతుంది. ప్యాడ్ ఆనుకున్న మేర మచ్చలా గుంట పడితే మాత్రం డిస్కు మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ అదురుతుంది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ కింద అది జరిగే పిన్నులు రెండు ఉంటాయి, చేత్తో లాగితే జరగాలి. బిగుసుకుంటే బయటకి తీసి శుభ్రం చేసి బ్రేకులకి వాడే గ్రీజే పెట్టండి, మామూలు గ్రీజు పెడితే అక్కడి రబ్బరు ఉబ్బుతుంది. పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు పాత మురికి ఆయిల్ వెనక్కి మాస్టర్‌లోకి తన్నకుండా నిపిల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేసి సీసాలోకి వదిలేయండి. పిస్టన్ చుట్టూ తుప్పు గుంటలు ఉంటే దానికీ కొత్తదే మందు.

ఇంక రబ్బరు హోసులు, అంటే చక్రాల దగ్గరి మెత్తటి గొట్టాలు. వీటిని ఎవరూ పట్టించుకోరు, బయటికి బాగానే కనిపిస్తాయి గనక. లోపల రబ్బరు ఉబ్బి రంధ్రం సన్నబడిపోతుంది. అప్పుడు మీరు కాలితో గట్టిగా తొక్కితే ఆయిల్ ఎలాగోలా వెళ్తుంది, కాలు తీశాక వెనక్కి రాదు. చక్రం పట్టుకునే ఉంటుంది, పది కిలోమీటర్లకి కాలిన వాసన. పరీక్ష ఒకటుంది. బ్రేకు తొక్కి వదిలాక చక్రం తిరగకపోతే దాని నిపిల్ కొంచెం వదలండి. సర్రున చిమ్మి చక్రం వదులైతే కాలిపర్ తప్పు కాదు, ఆయిల్ వెనక్కి పోయే దారి మూసుకుపోయింది. మీ బండి హోసులకి ఇరవై ఏళ్ళు దాటాయి, పరీక్షలేవీ పెట్టకుండానే అన్నీ మార్చేయండి.

హోసుల కంటే నాకు అనుమానం ఉన్నవి బండి కింద వెనక దాకా పోయే ఇనుప పైపులు, ముఖ్యంగా క్లిప్పుల కింద. అక్కడ మట్టి చేరి, తేమ నిలిచి, పైకి కనపడకుండా తినేస్తుంది. ప్రతి క్లిప్పు ఊడదీసి వైరు బ్రష్‌తో రుద్ది చూడండి. పొరలు లేస్తే మార్చాల్సిందే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, కొంతమంది ఏసీకి వాడే రాగి గొట్టం వంచి వేసేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఉత్త రాగి అదురుకి అలిసి పగులుతుంది, బ్రేకు లైనుకి పనికిరాదు. బ్రేకుల కోసం చేసిన ఇనుప పైపే వేయించండి. పైపుల నట్లు విప్పేటప్పుడు మామూలు డబుల్ ఎండ్ పానా పెడితే మూలలు గుండ్రమైపోయి ఏడుపొస్తుంది, నట్టుని చుట్టూ పట్టే పైపు నట్ల పానా ఉంటుంది, అది కొనుక్కోండి.

మాస్టర్ సిలిండర్ పైన చెప్పిన కారణాల వల్ల కొత్తదే వేయమంటాను. మీ బండిది తడి లేకపోయినా సరే.

పార్టులు కంపెనీవా బయటివా అన్నారు. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది గానీ దేశం నిండా ఇంకా తిరుగుతూనే ఉంది కాబట్టి దొరకదన్న బెంగ లేదు. అద్దం దించే హ్యాండిల్, వైపర్ బ్లేడు లాంటివి ఏవైనా కొనుక్కోండి. లోపల ఆయిల్ ఉండే వస్తువు, అంటే మాస్టర్, వీల్ సిలిండర్లు, హోసులు, ఇవి మాత్రం బిల్లుతో, కంపెనీవి గానీ పేరున్న బ్రేకుల తయారీదారువి గానీ తీసుకోండి. పెట్టె మీద తయారీ తేదీ చూడండి, రబ్బరు కొట్టులో ఉన్నా ముసలిదవుతుంది. అన్నీ కలిపితే ఒక మామూలు ఫోను కొన్నంత అవుతుందేమో.

ఆయిల్ డాట్ 3 పోయొచ్చు, డాట్ 4 పోసినా నష్టం లేదు, రెండూ కలుస్తాయి. డాట్ 5 అని రాసి ఉన్నది వేరే జాతి, సిలికాన్‌ది, అది వద్దు. జాకీ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, ఇంజన్ ఆయిల్ ఏదైనా సరే ఒక్క చెంచా పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు ఇప్పుడు వేసిన కొత్తవన్నీ మళ్ళీ కొనాలి. సీలు విప్పని అర లీటరు సీసాలు రెండు తెచ్చుకోండి. పోయిన దీపావళికి విప్పి అటక మీద పెట్టిన సీసా ఎంత నిండుగా ఉన్నా పనికిరాదు. బానెట్ మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోయండి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి, రెండో మనిషి మీ నాన్నగారే. చూపుతో పని లేదు, సీట్లో కూర్చుని మీరు "నొక్కండి" అంటే నొక్కాలి, "వదలండి" అనేదాకా కాలు తీయకూడదు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, కాలు అడుగుదాకా పోకుండా. మాస్టర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. నిపిల్‌కి పారదర్శకంగా ఉండే ట్యూబు తొడిగి, రెండో చివర అడుగున కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. నొక్కాక నిపిల్ వదలడం, బిగించడం, ఆ తర్వాతే పెడల్ వదలమనడం. టీ డికాషన్ రంగు పోయి తేనె రంగు వచ్చేదాకా, బుడగలు ఆగేదాకా. ప్రతి నాలుగైదు నొక్కులకోసారి పైన డబ్బా చూసుకోండి, అది ఖాళీ అయితే గాలి లోపలికి పోయి మొదటికొస్తారు. కొత్త మాస్టర్ వేశారు కాబట్టి మొదట్లో ఎక్కువసేపే పడుతుంది, విసుక్కోవద్దు.

అయ్యాక ఇంజన్ ఆపి ఉంచి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా దిగుతుంటే ఇంకా ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ లోపలే ఆయిల్ పక్కకి జారుతోంది. దిగకపోతే, బూస్టర్ ఉన్న బండి అయితే, ఇంజన్ ఆపి ఉండగానే నాలుగైదుసార్లు తొక్కి, కాలు పెడల్ మీదే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే దాని గాలి గొట్టం పగిలిందేమో చూడండి. తర్వాత అట్టముక్కలు నాలుగు చక్రాల కింద పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే చుక్క లేకపోతే అప్పుడు కదిలించండి, ఖాళీ స్థలంలో, నడక వేగంతో, ముందు హ్యాండ్ బ్రేక్ పట్టు చూసుకుని. ఆ తర్వాత 20, తర్వాత 40. ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, దగ్గరగా చాలు. ఒకటి మిగతావాటికంటే బాగా సెగ కొడితే అది వదలట్లేదని.

ఈ లోపల బండిని ఎక్కడికైనా తీసుకెళ్ళాల్సి వస్తే తాడు కట్టి లాగించొద్దు. బ్రేకుల్లేని బండి తాడు చివర ఉంటే ముందు బండి ఆగినప్పుడు ఇది ఆగేది దాని డిక్కీకి తగిలే. పైకి ఎక్కించుకునే వాహనమే పిలవండి.

హైదరాబాద్ సంగతి: ఐదొందల కిలోమీటర్లు వెంటనే వద్దు. ఒక నెల కాకినాడలోనే, వారానికి రెండుసార్లు డబ్బాలో మట్టం చూసుకుంటూ తిప్పండి, మార్కరుతో గీత గీసి పెట్టుకోండి. టైర్ల పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. సంవత్సరం దగ్గర 16, 17 కనిపిస్తే టైరు మీది గాళ్ళు ఎంత బాగున్నా మార్చండి. అన్నట్టు 2003 బండి కాబట్టి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ మీరు పక్కన పెట్టిన 2018లోనే అయిపోయి ఉంటుంది, రవాణా కార్యాలయంలో ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి, ఇన్సూరెన్స్ కూడా. ఫిట్‌నెస్‌లో బ్రేకులు కూడా చూస్తారు, కాబట్టి ఈ పని ముందు అవ్వాల్సిందే.

ఎడమ చక్రం డ్రమ్ము తీశాక లోపల ఏం కనిపించిందో ఫోటో తీసి పంపండి. వీల్ సిలిండర్ అన్నాను కదా, నా లెక్క తప్పైతే ఒప్పుకుంటాను.